అరవై తర్వాతి పద్దు

25 ఆగస్టు 2024, ఆదివారం

పేపర్ నిండా యూపీఎస్. నిన్న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్ వచ్చే ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుందట. పాతికేళ్ల సర్వీసు ఉన్నవాళ్లకు ఆఖరి పన్నెండు నెలల మూలవేతనం సగటులో సగం పెన్షన్, ఆపైన కరువు భృతి. పదేళ్లు చేసినవాళ్లకు నెలకు కనీసం 10,000. ఉద్యోగి పోతే ఆ పెన్షన్‌లో 60 శాతం భార్యకో భర్తకో. ఉద్యోగి వాటా ఇప్పుడున్న 10 శాతమే. ప్రభుత్వం వాటా మాత్రం 14 నుంచి 18.5కి పెరుగుతుంది.

ఆ 18.5 దగ్గర చాలాసేపు ఆగాను. హామీ ఊరికే రాదు. ఎంత ఖర్చవుతుందో జీతంలో శాతంగా లెక్కకట్టి చెప్పడం మంచి పని.

పిన్ని కొడుకు గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. 2008 డీఎస్సీ టీచరు, పాత పెన్షన్ లేదు, కాంట్రిబ్యూటరీ పెన్షన్ (సీపీఎస్) కింద ఉన్నాడు. "అక్కా, మాకూ వస్తుందా ఇది?" రాష్ట్రం విడిగా ఒప్పుకోవాలి రా అన్నాను. ఆంధ్రాలో పోయినేడు గ్యారంటీడ్ పెన్షన్ (జీపీఎస్) చట్టం చేశారు, సంఘాలకు అదీ నచ్చలేదు. వాడి గొంతులో ఆశ కంటే అలసటే ఎక్కువ వినపడింది.

1 సెప్టెంబర్ 2024, ఆదివారం

ఎడతెగని వాన. రెండు రాష్ట్రాల్లోనూ ఉద్యోగ సంఘాలు పెన్షన్ విద్రోహ దినం పాటించే రోజు ఇది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. ఆగస్టు 31న చేరినవాడికి ఉంది. పక్కపక్క బల్లల మీద కూర్చుని ఒకే తరగతులకు పాఠాలు చెప్పిన ఇద్దరికి, మధ్యలో ఒక్క రాత్రి తేడా.

గుంటూరు తమ్ముడు వానకు బయటికెళ్లలేక మళ్లీ ఫోన్ చేశాడు. గంటసేపు మాట్లాడుకున్నాం. వాడి వాదనలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. పాత పెన్షన్‌లో మూడు రిస్కులూ ప్రభుత్వానివి. మార్కెట్ పడితే ఖజానా భరిస్తుంది. ధరలు పెరిగితే కరువు భృతి పెంచుతుంది. ఉద్యోగి తొంభై ఐదేళ్లు బతికితే అన్నేళ్లూ ఇస్తుంది. సీపీఎస్‌లో ఈ మూడూ టీచరు నెత్తిన పడ్డాయి. ఎంత కట్టాలో మాత్రం ఖాయం, మూలవేతనం, డీఏ కలిపి 10 శాతం. ఎంత వస్తుందో ఎవరూ రాసివ్వరు.

ఇరవై ఏళ్లుగా ఈ గొడవనంతా "మార్కెట్‌లో పెట్టారు" అన్న ఒక్క మాటతో మాట్లాడుకుంటున్నాం. నిజానికి ప్రభుత్వ ఉద్యోగుల డిఫాల్ట్ పథకంలో షేర్లు 15 శాతం మించవు. మిగతాదంతా ప్రభుత్వ బాండ్లు, కంపెనీ బాండ్లు. వాటిని చూసేవి ఎస్‌బీఐ, ఎల్ఐసీ, యూటీఐల పెన్షన్ ఫండ్లు. వాడి సొమ్ము రేపే మునిగిపోయేలా ఏమీ లేదు. నన్ను భయపెట్టేది మూడోది, ఆయుష్షు. ఒక మనిషి ఎన్నేళ్లు బతుకుతాడో ఎవరికీ తెలియదు. లక్షమంది కలిసి ఎన్నేళ్లు బతుకుతారో దాదాపు కచ్చితంగా చెప్పవచ్చు. అందుకే ఆయుష్షు రిస్కు గుంపుగా మోస్తే తేలిక, ఒంటరిగా మోస్తే దుర్భరం. తొంభై ఏళ్లకు సరిపడా దాచాలని కడుపు మాడ్చుకున్నవాడు డెబ్భైకే పోవచ్చు. డెబ్భై ఐదుకు చాలని దాచినవాడు ఎనభై ఐదేళ్లప్పుడు కొడుకు ముందు చెయ్యి చాచవచ్చు.

ఖజానా మీద భారం అబద్ధం కాదు. రాష్ట్రాల బడ్జెట్లు చూస్తే పెన్షన్ పద్దు ఎంత పెద్దదో తెలుస్తుంది. కానీ ఆ భారాన్ని తగ్గించుకోవడానికి, మోయగలిగిన శక్తి అందరిలోకీ తక్కువ ఉన్నవాడి మీదికి దాన్ని తోశారు. తమ్ముడి కోపంలో న్యాయం ఉంది.

6 సెప్టెంబర్ 2024

బుడమేరు వరద నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లో బాబాయి వాళ్ల వీధిలో ఇంకా తీయలేదు. కింది వాటా మొత్తం మునిగింది. ఫ్రిజ్, ఇన్వర్టర్, స్కూటర్, బియ్యం డబ్బా, పిన్ని పట్టుచీరలు. ఇద్దరూ మేడ మీద వాళ్లింట్లో ఉన్నారు. పాల ప్యాకెట్లు, మంచినీళ్లు పడవల్లో వస్తున్నాయట.

బాబాయి జాగ్రత్తపరుడు. పీపీఎఫ్, ఐదేళ్ల ట్యాక్స్ సేవింగ్ ఎఫ్‌డీ, పోస్టాఫీసు టైమ్ డిపాజిట్. మార్కెట్ రిస్కు అసలు పెట్టుకోలేదు. ఇవాళ మాత్రం చేతిలో ఇంటి ఖర్చు తప్ప లేదు. పన్ను మినహాయింపు కోసం వేసిన ఎఫ్‌డీ గడువులోపు తీయనివ్వరు. పీపీఎఫ్ పొడిగింపులో ఉంది కాబట్టి కొంత తీయొచ్చు, కానీ పాస్‌బుక్కు బురదలో ఉంది, బ్యాంకు బ్రాంచి నీళ్లలో ఉంది.

డబ్బు పంపాను. తీసుకోవడానికి ఇబ్బంది పడ్డాడు. "నీ దగ్గర తీసుకోవడమేంటమ్మా" అన్నాడు రెండుసార్లు.

రిటైరైనవాళ్ల డబ్బు గురించి ఎవరు అడిగినా ఇకమీదట వడ్డీ రేటు కంటే ముందు ఈ మాట చెప్తాను. ఆరు నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలోనో, ఎప్పుడంటే అప్పుడు విరవగలిగే ఎఫ్‌డీలోనో ఉండాలి. దాని మీద వడ్డీ తక్కువైనా సరే.

27 సెప్టెంబర్ 2024

నిన్న సెన్సెక్స్ 85,836 దగ్గర ముగిసింది. క్యాంటీన్‌లో కుర్రాళ్ల మాటలన్నీ స్మాల్ క్యాప్ ఫండ్ల గురించే. పీఎఫ్ తీసేసి అందులో వేయొచ్చా అని ఒకడు అడిగాడు.

మూడేళ్ల కిందట సగం షేర్లు, సగం బాండ్లు అని మొదలుపెట్టినవాళ్లకు ఇప్పుడు షేర్లే సగం దాటి ఉంటాయి. తాము కోరుకోకుండానే రిస్కు పెరిగింది. ఎక్కువైనదాన్ని తీసి బాండ్లలోకి మార్చడానికి మంచిరోజులు ఇవే. నేషనల్ పెన్షన్ సిస్టమ్ (ఎన్‌పీఎస్)లో అయితే అలా మార్చినందుకు పన్ను కూడా లేదు. ఎవరూ మార్చరు, పెరుగుతున్నదాన్ని తీయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

13 నవంబర్ 2024, బుధవారం

కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి నా బల్ల దగ్గరికొచ్చింది. "మేడమ్, నా జీతంలో 1,800 కోశారు. కంపెనీ కూడా అంతే వేయాలి కదా. ఇక్కడ 550యే ఉంది. మిగతాది ఏమైంది?"

మూడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నవాళ్లు కూడా అడగని ప్రశ్న. పక్క వరస చూపించాను. మిగతా 1,250 పెన్షన్ వరసలో ఉంది. పీఎఫ్ లెక్కకు జీతం 15,000 అనుకుంటే పన్నెండు శాతం 1,800. కంపెనీ వేసే దాంట్లో 8.33 శాతం, అంటే 1,250, ఉద్యోగుల పెన్షన్ పథకానికి (ఈపీఎస్) వెళ్తుంది. 550 పీఎఫ్‌లో పడుతుంది. పీఎఫ్ మీద వడ్డీ వస్తుంది, పోయినేడు 8.25 శాతం. పెన్షన్ వరస మీద వడ్డీ ఉండదు, అది మన పేరు మీద పెరిగే సొమ్ము కాదు, అందరిదీ కలిసిన నిధి.

మరి పెన్షన్ ఎంత వస్తుంది? పెన్షన్‌కు లెక్కేసే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. ఇరవై ఏళ్లు దాటితే రెండేళ్లు అదనంగా కలుపుతారు. ముప్పై మూడేళ్లు చేసినా 15,000 పరిమితి మీద లెక్క 7,500 దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత డీఏ లేదు, పెంపు లేదు. కనీస పెన్షన్ 2014 నుంచి 1,000 దగ్గరే ఉంది. ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసి, "నెలకా మేడమ్?" అంది.

నెలకే.

చిత్రమేమిటంటే మన ప్రైవేటు ఉద్యోగాల్లో ఆయుష్షు రిస్కును గుంపుగా మోసే ఏర్పాటు ఇదొక్కటే. అది ఇంత సన్నగా ఉంది. మిగతా బాధ్యతంతా పీఎఫ్ మీదే పడుతుంది, ఆ పీఎఫ్‌ను ఉద్యోగం మారినప్పుడల్లా తీసి బండి కొంటారు, తాళిబొట్టు చేయిస్తారు. పీఎఫ్ నంబరు (యూఏఎన్) ఒకటే ఉంటుంది, కొత్త కంపెనీకి బదిలీ చేయించుకో, తీయకు అని ఆ అమ్మాయికి గట్టిగా చెప్పాను. ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. అంతకంటే పెద్ద నష్టం కాలం. లక్ష రూపాయలు 8 శాతం మీద ముప్పై ఏళ్లు కదలకుండా ఉంటే పది లక్షలవుతాయి. మొదటి ఐదేళ్లలో తీసిన లక్షను నలభై ఐదో ఏట వేసిన లక్షతో పూడ్చలేం.

7 జనవరి 2025

సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ లెక్కల మోసాన్ని ఒప్పుకున్న ఉత్తరం బయటపడి పదహారేళ్లు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది. మాదాపూర్‌లో ఆ వారం ఎలా గడిచిందో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. జీతం ఆ కంపెనీదే, దాచుకున్న షేర్లు ఆ కంపెనీవే, జీతాన్ని చూసి బ్యాంకు ఇచ్చిన ఫ్లాట్ లోనూ ఆ జీతం మీదే. ఒక్క ఉత్తరానికి మూడూ ఊగాయి.

అమెరికాలో ఎన్‌రాన్ ఉద్యోగులకు 2001లో జరిగిందీ ఇదే. వాళ్ల 401(కె)లలో ఆ కంపెనీ షేర్లే దండిగా ఉండేవి.

ఇప్పటి స్టార్టప్ పిల్లలకు ఈసాప్స్ పేరుతో కంపెనీ షేర్లు ఇస్తున్నారు. సంతోషమే. కానీ రిటైర్మెంట్ లెక్కలో వాటిని సున్నా అనుకుని మిగతాది కూడబెట్టాలి. తర్వాత వస్తే వచ్చినట్టు.

1 మార్చి 2025, శనివారం

నిన్న సెన్సెక్స్ 1,414 పాయింట్లు పడి 73,198. నిఫ్టీ వరసగా ఐదు నెలలు నష్టపోయింది. 1996 తర్వాత ఇలా జరగడం ఇదే మొదటిసారట. సెప్టెంబర్‌లో స్మాల్ క్యాప్ అన్న కుర్రాడు ఇప్పుడు సిప్ ఆపేయాలా అని అడుగుతున్నాడు. వయసు ఇరవై ఎనిమిది. వాడికి ఇంకా ముప్పై ఏళ్లు కొనాల్సిన పనుంది. కొనేవాడికి ధర తగ్గితే ఏడవాల్సిన పని లేదు.

అదే పడటం వచ్చే నెల రిటైరయ్యేవాడికి వేరు. ఎందుకో సాయంత్రం కాగితం మీద వేసి చూశాను. ఒకాయనకు కోటి ఉంది. ఏడాది మొదట్లో ఆరు లక్షలు ఇంటి ఖర్చుకు తీస్తాడు. మొదటి ఏడు 30 శాతం పడి, రెండో ఏడు 40 శాతం లేచిందనుకుందాం. తొంభై నాలుగు 65.8 అవుతుంది. ఆరు తీస్తే 59.8. అది లేస్తే 83.72 లక్షలు. ఇప్పుడు వరస తిప్పాను. మొదట 40 లేచి, తర్వాత 30 పడితే 87.92 లక్షలు. అవే రెండు సంవత్సరాలు, అదే సగటు, అదే ఖర్చు. నాలుగు లక్షల పైచిలుకు తేడా. డబ్బు తీయకుండా ఉంటే రెండింటికీ ఒకటే, 98 లక్షలు. పడిన ధరకు అమ్ముకుని తిన్న యూనిట్లు మళ్లీ లేవవు.

అందుకే రిటైర్మెంట్‌కు ముందు ఐదేళ్లు, తర్వాత ఐదేళ్లు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. ఎన్‌పీఎస్ ఆటో ఛాయిస్‌లో ఎల్‌సీ 50 అన్న పద్ధతి దీనికోసమే. ముప్పై ఐదు వరకు షేర్లు 50 శాతం. అక్కడినుంచి ఏటా రెండేసి శాతం తగ్గుతూ యాభై ఐదుకు 10. ఎల్‌సీ 75 కావాలనుకుంటే 75 దగ్గర మొదలై యాభై ఐదుకు 15కి చేరుతుంది. మనకు గుర్తున్నా లేకున్నా, టీవీలో ఎవరేం అరిచినా అది ఏటా తగ్గించుకుంటూ పోతుంది. పద్దులు చూసుకునే తీరికో ఓపికో లేనివాళ్లకు నేను ఇదే చెప్తాను. యాక్టివ్ ఛాయిస్ తీసుకుని 75 శాతం షేర్లు పెట్టి ఏళ్ల తరబడి మళ్లీ లాగిన్ కాని మనుషులు నాకు తెలుసు.

అయితే యాభై ఐదుకు 10 శాతం మరీ తక్కువ అనిపిస్తుంది నాకు. అరవైలో అడుగుపెట్టినవాళ్లు ఇంకా పాతికేళ్లు బతకాలి. ఆరు శాతం చొప్పున ధరలు పెరిగితే పన్నెండేళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. ఇవాళ 50,000తో గడిచే ఇల్లు డెబ్భై రెండేళ్లప్పుడు లక్ష అడుగుతుంది. పాతిక, ముప్పై శాతం షేర్లలో ఉంచి, వచ్చే ఐదేళ్ల ఖర్చు మాత్రం వాటి జోలికి పోకుండా విడిగా పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. నా డబ్బు అలాగే సర్దుతున్నాను.

8 ఏప్రిల్ 2025

నిన్న సెన్సెక్స్ 2,226 పాయింట్లు పడింది. ట్రంప్ సుంకాలు. 2020 మార్చి 23న ఒక్కరోజులో పదమూడు శాతం పడింది, ఆ ఏడు తిరక్కుండానే జనవరి శిఖరం దాటింది. 2008లో పడినప్పుడు మాత్రం తేరుకోవడానికి రెండేళ్లకు పైనే పట్టింది. ఎప్పుడు లేస్తుందో పడిన రోజు ఎవరికీ తెలియదు. ఆ తెలియని కాలాన్ని దాటించేంత డబ్బు పక్కన ఉందా లేదా అన్నది మాత్రం మన చేతిలో ఉంది.

20 ఏప్రిల్ 2025, ఆదివారం

డాలస్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇర్వింగ్‌లో ఉంటాడు. ఉద్యోగం పోయింది, హెచ్1బీ మీద అరవై రోజుల గడువు. తిరిగొచ్చేస్తే 401(కె)ని ఏం చేయాలి అని. "అత్తా, మొత్తం తీసుకుని వచ్చేద్దామనుకుంటున్నా."

తొందరపడకు అన్నాను. యాభై తొమ్మిదిన్నరకు ముందు తీస్తే పన్ను కాక, మామూలుగా ఇంకో 10 శాతం జరిమానా. కంపెనీ జతచేసిన వాటాతో సహా అక్కడే ఉంచినా పెరుగుతుంది. వాడిది 2055 టార్గెట్ డేట్ ఫండ్, ఆ ఏడు దగ్గరపడేకొద్దీ షేర్లు దానంతటదే తగ్గించుకుంటుంది, మన ఎల్‌సీల్లాగే. ఇక్కడ ఆదాయపన్ను చట్టంలో 89ఏ సెక్షన్ ఉంది. అమెరికా, బ్రిటన్, కెనడా రిటైర్మెంట్ ఖాతాల మీద ఏటేటా కాకుండా, అక్కడ తీసినప్పుడే ఇక్కడా పన్ను కట్టేలా ఎంచుకోవచ్చు. దానికి ఒక ఫారం ఉంది, 10ఈఈ. అది తెలిసిన ఆడిటర్ దగ్గరికే వెళ్లమన్నాను.

తర్వాత మాటల్లో వాడన్నది వేరు. "డబ్బు సంగతి కాదత్తా, అక్కడ ఒక ఖాతా మిగిలిపోతే సగం అక్కడే ఉన్నట్టుంటుంది." ఆ మాటకు లెక్కల్లో జవాబు లేదు. వదిన దగ్గరికి ముందు ఒక నెల వచ్చి ఉండమన్నాను.

7 జూన్ 2025

రిజర్వ్ బ్యాంకు రెపో రేటు అర శాతం కోసి 5.5 చేసింది. ఫిబ్రవరి నుంచి మొత్తం ఒక శాతం. ఎఫ్‌డీ వడ్డీ మీద బతికే ఇళ్లల్లో ఈ వార్త సెన్సెక్స్ పతనం కంటే పెద్దది, టీవీల్లో మాత్రం దీనికి ఎర్రక్షరాలు లేవు.

పీపీఎఫ్ మీద 1986 నుంచి 2000 జనవరి దాకా 12 శాతం వచ్చేది. పీఎఫ్ మీదా 1990లంతా 12. ఆ లెక్కతో రిటైర్మెంట్ వేసుకున్న నాన్నగారి తరం, వడ్డీ ఎనిమిదికి, ఏడుకు దిగినప్పుడు ఖర్చు కుదించుకుంది. పీపీఎఫ్ ఇప్పుడు 7.1, 2020 ఏప్రిల్ నుంచి అదే. సొమ్ము పైసా పోలేదు, రాబడి మాత్రం నలభై శాతం పైనే తగ్గింది. దీన్ని రిస్కు అని ఎవరూ అనరు.

అరవై దాటినవాళ్లకు ప్రస్తుతం మంచిది సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమే. 8.2 శాతం, వేసినరోజు రేటు ఐదేళ్లూ మారదు. 2023 ఏప్రిల్ నుంచి పరిమితి 30 లక్షలు. అంతా వేస్తే మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది. భార్యాభర్తలిద్దరికీ అరవై దాటితే ఎవరి ఖాతా వాళ్లు తెరవొచ్చు. దీన్ని వదిలేసి అర శాతం ఎక్కువ వస్తుందని ఊరిలోని చిన్న సహకార బ్యాంకులో ఉన్నదంతా పెట్టేవాళ్లను చూస్తే గుండె కలుక్కుమంటుంది. డిపాజిట్ బీమా మనిషికి, బ్యాంకుకు ఐదు లక్షలు. 2020 ఫిబ్రవరికి ముందు లక్షే.

9 జూన్ 2025

మొన్నటి దానికి కొనసాగింపు. యూఎస్-64 గుర్తొచ్చింది. 1964లో మొదలైన పథకం, ఏటా డివిడెండు, రిటైరైన గుమస్తాలు ఎఫ్‌డీలాగే చూసేవాళ్లు. 2001 జూలైలో యూటీఐ యూనిట్లను తిరిగి కొనడం ఆరునెలలు ఆపేసింది. లోపల షేర్లు ఎంతున్నాయో యూనిట్లు కొన్నవాళ్లలో ఎందరికి తెలుసు? 2018 సెప్టెంబర్‌లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ కుప్పకూలింది. దాని బాండ్లకు అంతకు కొద్ది వారాల ముందు దాకా ట్రిపుల్ ఏ రేటింగ్. పెన్షన్ ఫండ్ల దగ్గరా అవి ఉన్నాయి.

ఖాతా పేరు చూసి నిర్ణయించుకోకూడదు. పీఎఫ్‌లో కూడా 2015 నుంచి కొంత సొమ్ము షేర్ ఈటీఎఫ్‌లలోకి వెళ్తోంది. లోపల ఏముందో చూడాలి, అది పోతే ఎవరు భర్తీ చేస్తారో అడగాలి. పీపీఎఫ్‌లో ఆ జవాబు కేంద్ర ప్రభుత్వం. ఎన్‌పీఎస్‌లో జవాబు మనమే.

31 జూలై 2025

స్టోర్స్‌లో పనిచేసే సారు ఇవాళ రిటైరయ్యారు. శాలువా, సమోసాలు, గ్రూపు ఫోటో. తర్వాత నా బల్ల దగ్గర కూర్చుని ఎన్‌పీఎస్ కాగితాలు తీశారు. నలభై లక్షలు. అందులో 60 శాతం, 24 లక్షలు, పన్ను లేకుండా చేతికొస్తాయి. మిగతా 16 లక్షలతో యాన్యుటీ కొనాలి. ఆరున్నర శాతం వస్తుందనుకుంటే నెలకు 8,667. జీవితాంతం అంతే, పైసా పెరగదు, పన్ను కూడా పడుతుంది.

ఫారంలో యాన్యుటీ రకాల దగ్గర ఆయన వేలు "ఈయన బతికున్నంత కాలం" అన్నదాని మీద ఆగింది. నెలకు వచ్చేది అందులోనే ఎక్కువ. ఆమె సంగతేమిటి సార్ అన్నాను. మేడమ్‌గారు ఆయనకంటే ఆరేళ్లు చిన్న, ఎప్పుడూ ఉద్యోగం చేయలేదు, ఆమె పేరు మీద ఒక్క ఖాతా లేదు. సారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరున్నా వచ్చేది, ఇద్దరూ పోయాక అసలు పిల్లలకు చేరేది, దానికి టిక్కు పెట్టారు. నెలకు వచ్చేది కొంత తక్కువ.

యాన్యుటీని తిట్టేవాళ్లు చాలామంది. రేటు తక్కువ, ధరలతో పాటు పెరగదు, నిజమే. అయినా తొంభై దాటినా ఆగని డబ్బు ప్రైవేటు ఉద్యోగికి ఈపీఎస్ తర్వాత ఇదొక్కటే. మొత్తం ఇందులో పెట్టొద్దు, పూర్తిగా వద్దనీ అనొద్దు. తొందర లేనివాళ్లు డెబ్భై ఐదు దాకా వాయిదా వేసుకోవచ్చు, 24 లక్షలనూ ఒక్కసారి కాకుండా నెలనెలా కొంత తీసుకోవచ్చు. సారుకు అమ్మాయి పెళ్లి ఉంది. మొత్తం కావాలన్నారు.

2 అక్టోబర్ 2025, విజయదశమి

అందరూ ఇంట్లోనే. తమ్ముడు కుటుంబంతో వచ్చాడు, మేనల్లుడూ ఉన్నాడు, బెంగళూరులో ఉద్యోగం దొరికింది.

నిన్నటి నుంచి ఎన్‌పీఎస్‌లో ప్రభుత్వేతర చందాదారులకు నూరు శాతం షేర్లలో పెట్టే వీలొచ్చింది. తమ్ముడి కూతురు మొన్ననే ఉద్యోగంలో చేరింది, ఇరవై మూడేళ్లు. "పెద్దత్తా, వంద పెట్టేయనా?" వంద పెట్టినా తప్పు లేదు ఈ వయసులో. కానీ నలభై శాతం పడిన రోజున తీసేయకుండా ఉండగలవా అన్నది ఇంకా నీకే తెలియదు, అది ఒక పతనం చూశాక తెలుస్తుంది అన్నాను. 75తో మొదలుపెడతానంది. ఖర్చు సంగతీ చెప్పాను. ఎన్‌పీఎస్ మామూలు పథకాల్లో నిర్వహణ రుసుము 0.1 శాతం లోపు. బయట ఒక శాతం ఎక్కువ తీసుకునే ఫండ్‌లో పాతికేళ్లు ఉంచితే చివరి మొత్తంలో ఐదో వంతుకు పైనే అటు పోతుంది. మార్కెట్ మన మాట వినదు, ఖర్చు మాత్రం మనం ఎంచుకున్నదే.

తమ్ముడు వింటూ కూర్చున్నాడు. "దానికి ఇన్ని ఛాయిస్‌లు. మాకు ఒక్కటీ అడగలేదక్కా." యూపీఎస్‌లో కేంద్ర ఉద్యోగులు చేరడానికి గడువు జూన్ నుంచి సెప్టెంబర్‌కు, అక్కడినుంచి నవంబర్‌కు జరిగింది. అందులో ప్రభుత్వం వేసే 18.5లో 8.5 ఉమ్మడి నిధికి వెళ్తుంది. గుంపుగా మోయడమంటే అదే. రాష్ట్రాల టీచర్లకూ అలాంటిదొకటి రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. పాత పెన్షన్ యథాతథంగా రాకపోయినా, ఆయుష్షు రిస్కునైనా వాళ్ల నెత్తి మీంచి దించాలి.

10 అక్టోబర్ 2025

ప్యాకింగ్ సెక్షన్‌లో కుర్రాడొకడు పోయిన నెల యాక్సిడెంట్‌లో పోయాడు. పీఎఫ్ నామినేషన్‌లో తల్లి పేరుంది. పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లి అయ్యాక చెల్లదు. కొత్తది వేయలేదు. ఇప్పుడు భార్య, తల్లి ఇద్దరూ కాగితాలు పట్టుకుని వస్తున్నారు, ఒకరివైపు ఒకరు చూడకుండా. క్లెయిమ్ ఫారాలు ఇద్దరికీ నేనే నింపించాను. ఇంటి పెద్దల సమక్షంలో సోమవారం మాట్లాడదాం అన్నారు మేనేజరుగారు.

ఇ-నామినేషన్‌కు కావలసింది ఆధార్, ఫోటో, పది నిమిషాలు. ఈ ఏడాది పెళ్లైనవాళ్ల జాబితా హెచ్ఆర్‌ను అడిగి తీసుకున్నాను. రేపు రెండో శనివారం. సోమవారం పొద్దున షిఫ్టు మొదలయ్యేలోపు గేటు దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను.